కోలగాజుల డిజైనరు

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాడికి రాని పని ఉండదని మా బందరులో చాలామంది నమ్మేవారు. నమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుడివాడలో ఏదో కోర్సు పూర్తిచేసి (అందులో సగం రోజులు కరెంటు లేదు) ఇంటికొచ్చాను. మా అక్కను ఇచ్చింది ఊళ్లోనే, చిలకలపూడిలో. బావకు అక్కడ రోల్డ్‌గోల్డ్ గాజుల కార్ఖానా ఉంది. ఆ ఏడు బేరాలు పడిపోయి, పనివాళ్లలో ఎవరిని మానిపించాలా అని ఆయన దిగులుగా ఉన్నాడు. "వెబ్‌సైటు పెడదాం బావా, కొనేవాళ్లే చూసుకుని ఫోన్ చేస్తారు" అన్నాను. "నీకొచ్చా?" అన్నాడు. "అదెంతసేపు!" అన్నాను. నిజానికి ఎంతసేపో నాకూ తెలియదు.

తెలిసిన స్టూడియో ఆయన్ని బతిమాలి డిజిటల్ కెమెరా తెచ్చి, అక్క పట్టుచీర మీద గాజులు పరిచి (చీర నలిగిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది) ఫొటోలు తీశాను. తీసినవి తీసినట్టే సైట్లో పెట్టేశాను. అందరం కంప్యూటర్ ముందు చేరాం. అక్క కాఫీ పెట్టి తెచ్చేసరికి మొదటి గాజు పైఅంచు కనిపించింది. తాగడం అయ్యేసరికి ఇంకో నాలుగు గీతలు దిగాయి. అప్పట్లో నెట్ కూడా ఫోన్ లైను మీదే వచ్చేది. అది ఉన్నంతసేపూ ఫోన్ పలకదు కనుక, వచ్చే ఒకటీ అరా బేరం కూడా రావడం మానేసింది. "ఇలా అయితే గాజు మొత్తం చూసేసరికి కొనే పిల్లకి పెళ్లయిపోతుందోయ్" అన్నాడు బావ.

ఫొటో సైజు తగ్గించాలని అప్పుడు తెలిసింది. సైట్లో నేను కట్టిన గళ్లు నిలువుగా ఉన్నాయి, ఫొటోలేమో అడ్డంగా ఉన్నాయి. పొడవు, వెడల్పు రెండూ కలిసి తగ్గేందుకు ఒక చోట టిక్ ఉంటుంది. అది నా పనికి అడ్డొస్తోందని తీసేశాను. ఫొటోలన్నీ గళ్లలో బుద్ధిగా ఇమిడాయి. పేజీ చకచకా తెరుచుకుంది.

"ఒరేయ్, గాజులు కోడిగుడ్లలా ఉన్నాయేంట్రా?" అంది అక్క.

"కంప్యూటర్లో అంతే అక్కా" అన్నాను. బావ కూడా, "దానికి తెలీదులే, నువ్వు కానీ" అన్నాడు.

వారం తిరక్కుండా విజయవాడ నుంచి ఒక షాపాయన ఫోన్ చేశాడు. "ఏవండీ, మీ సైట్లో కోలగాజులు చూశానండీ. కొత్త మోడల్ బాగుంది. శాంపిల్ పంపిస్తే చూసి ఆర్డరిస్తాను." బావ "అలాగేనండీ, తప్పకుండానండీ" అని ఫోన్ పెట్టేసి నావైపు తిరిగాడు. "కోలగాజులు మనమెప్పుడు చేశామోయ్?"

"అది మోడల్ కాదు బావా. ఫొటో నొక్కుకుపోయింది."

బావ తిడతాడనుకున్నాను. "సరే, అయితే గాజునే నొక్కుదాం" అన్నాడు.

మొదటి జత అక్క చేతికి ఎక్కలేదు. రెండోది ఎక్కింది గానీ దిగలేదు (సబ్బునురగతో తీశాం). మూడోసారి కొలత కుదిరింది. అక్క చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇవి గుండ్రంగా తిరిగిపోవట్లేదురా, రాళ్లు ఎప్పుడూ పైకే ఉంటున్నాయి" అంది ఆశ్చర్యంగా. శాంపిల్ చూసిన షాపాయన పెద్ద ఆర్డరే ఇచ్చాడు. ఆ ఏడు ఎవరినీ మానిపించే అవసరం రాలేదు. బావ మాత్రం కనిపించినవాళ్లందరికీ, "మా బావమరిది డిజైనండీ" అని చెప్పుకొచ్చాడు. కాదంటే వినడు. కొన్నాళ్లకు కాదనడం నేనే మానేశాను.

పెళ్లిచూపుల్లోనూ ఆయన అదే మాట అన్నాడు. "అబ్బాయి నగల డిజైనరండీ." అవతలివాళ్లు గౌరవంగా ఇంకో రెండు లడ్డూలు వడ్డించారు.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టి, "నాకో నెక్లెస్ గీసిపెట్టండి" అంది. ఎంతసేపు కూర్చున్నా కాగితం తెల్లగానే ఉంది. చివరికి జరిగినదంతా చెప్పేశాను. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వి, "పోన్లెండి, నాకో ఫొటో అన్నా తీయండి. సన్నగా వస్తాను" అంది.