లగ్జరీ లిఫ్టులో స్టూలు

మా నాన్న పాతికేళ్లు ఒకే చోట ఉద్యోగం చేశాడు. ఆ చోటు నాలుగడుగుల వెడల్పు, ఆరంతస్తుల ఎత్తు. చేతిమీటతో నడిచే పాత లిఫ్టు అది. ఇనప జాలీ తలుపు, లోపల ఒక చెక్క స్టూలు. ఎవరిది ఏ అంతస్తో ఆయనకు కంఠతా వచ్చు; ఎక్కినవాళ్లను ఒక్కసారి తప్ప ఎన్నడూ అడగలేదు. అడగడం నామోషీ అనుకునేవాడు. ఆయన పోయిన ఈ నాలుగు నెలల్లో, లిఫ్టు ఎక్కినప్పుడల్లా నేను బటన్ నొక్కడం మరిచి నిలబడిపోతున్నాను.

అప్పట్లో మా వీధిలోకి లగ్జరీ అనే మాట జలుబులా వచ్చింది. మొదట సెలూన్‌కి, తర్వాత టైలర్‌కి, చివరికి మూలమీది పంక్చర్ షాపుకి అంటుకుంది. ఇక అపార్ట్‌మెంటు సెక్రటరీగారు ఊరుకుంటారా? గేటు మీద బంగారు రంగుతో ఆ మాట రాయించి, తిన్నగా లిఫ్టు దగ్గరికొచ్చారు.

“ఇవాళ్టి నుంచి స్టూలుండదయ్యా. లగ్జరీ అన్నాక ఆపరేటరు నిలబడే ఉండాలి.”

“మోకాళ్లు ఒప్పుకోవండీ.”

“నచ్చజెప్పుకో. కుదరకపోతే నిలబడేవాణ్ణి చూసుకుంటాం.”

స్టూలు సెక్రటరీగారింటికి వెళ్లిపోయింది. నాన్న నిలబడ్డాడు.

సాయంత్రానికి మోకాళ్లు వాచాయి. చిక్కు అక్కడితో ఆగలేదు. ప్రతి అంతస్తుకీ ఎదురు గోడ మీద ఆయన గీసుకున్న సుద్దగీత ఒకటి ఉంది. అది కంటికి ఎదురుగా రాగానే మీట వదలాలి. అన్నీ కూర్చున్న కళ్లకు గీసినవే. నిలబడ్డ కళ్లను నమ్ముకుంటే లిఫ్టు ప్రతిచోటా మూరెడు కిందే ఆగుతోంది.

“గీతలు మార్చుకోవచ్చుగా?” అంది అమ్మ.

“గీతలైతే మారుస్తానే. మోకాళ్లో?”

మూడోరోజు సెక్రటరీగారి తల్లి ఎక్కింది. ఎనభై దాటిన మనిషి. వాళ్లుండే ఐదో అంతస్తు దగ్గర తలుపు తీస్తే, ఎదురుగా మూరెడెత్తు గట్టు.

“ఏమయ్యా, నన్ను గోడెక్కమంటావా?”

“లగ్జరీ అండీ. మీ అబ్బాయిగారు పెట్టించారు.”

ఆవిడ కేకేస్తే కొడుకు పరుగున వచ్చి, చంకల్లో చేతులేసి పైకి లాగాడు. లాగుతున్నంతసేపూ ఆవిడ నోరు ఆగలేదు.

“గేటుకి బంగారం పూసి, నన్ను సర్కస్‌లో చేర్పించావురా! ఆ స్టూలేదీ?”

“దాని మీద పూలకుండీ పెట్టామమ్మా.”

“కుండీకేం మోకాళ్ల నొప్పులా? దించు!”

కుండీ వదిలిన గుండ్రటి తడిమరక ఆరకముందే నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. మీట కదిపాడు. లిఫ్టు మూరెడు లేచి, గచ్చుతో సరిసమానంగా నిలిచింది.

అప్పుడు బామ్మగారు మళ్లీ లోపలికొచ్చి నిలబడింది. ఇంటికి చేరిన మనిషిని ఇక ఎక్కడికి తీసుకెళ్లాలో నాన్నకు తోచలేదు. పాతికేళ్లలో మొదటిసారి నామోషీ చంపుకుని అడిగాడు.

“ఏ అంతస్తండీ?”

“ఎక్కడికీ లేదు. ఊరికే పైకీ కిందికీ ఓసారి తిప్పు. గేటు మీద అంత పెద్ద మాట రాసుకున్నాక, ఆమాత్రం ఉండొద్దూ?”