అన్నింటికీ టిక్ పెట్టిన రోజు

ధర్మవరంలో ఓ పట్టుచీరల అంగడిలో కంప్యూటర్లు నేనే చూస్తాను. హిందూపురం, పెనుకొండ శాఖల ఆర్డర్లను వరుసలో నిలిపి మాకు చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను మూడుచోట్లా ఎక్కించమన్నారు. ఏయే భాగాలు కావాలంటూ తెరమీద ఆరు గజాల జాబితా పరుచుకుంది. ఒక్క చీర అడిగితే బీరువా మొత్తం దించే అంగడి మాది. అన్నింటికీ టిక్ పెట్టేశాను.

రెండు రోజులు ఆర్డర్లే రాకపోతే గిరాకీ లేదనుకున్నాం. మూడోరోజు హిందూపురం పెళ్లికూతురు ఫోన్ చేసింది.

"నా చీర యాడుండాదన్నా? ఎల్లుండే ముహూర్తం!"

నా నోరు ఎండాకాలపు చిత్రావతి నది అయింది. చూస్తే, ఆర్డర్లు పట్టి ఉంచే సర్వర్ ధర్మవరంలో ఒక్కచోటే ఉండాల్సింది, మూడుచోట్లా ఎక్కింది. ఏ శాఖ ఆర్డర్లు ఆ శాఖలోనే కూర్చున్నాయి.

ఓనరమ్మ నవ్వింది. "ఏమప్పా, పెండ్లిలో అందరూ పెద్దమనుషులైతే వడ్డించేదెవురు?"

శాఖల్లో సర్వర్ తీసేసి ఆర్డర్లు ఇటు మళ్లించాను. చీర నేనే మోసుకెళ్లాను. పెళ్లిపంతిలో పెళ్లికూతురి నాయన, "అన్నీ వడ్డించమంటావా అబ్బా?" అన్నాడు.

"వద్దన్నా, తీపి ఓళిగలు చాలు" అన్నాను. తొమ్మిది తిన్నాను.