మామ కారుకు నేను చేసిన సెన్సార్ వైద్యం

మా అత్తగారి ఊళ్ళో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. టీ కొట్టు దగ్గర ఆగితే చాలు, "సెన్సారల్లుడు వచ్చినాడు, టీ పెట్టు" అంటారు. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్క ఉదయంలో సంపాదించుకున్న బిరుదు అది. కొందరు జీవితమంతా కష్టపడినా రాని పేరు నాకు టిఫిన్ వేళకల్లా వచ్చేసింది. దాని వెనుక ఒక కారు, ఒక ఇంటర్వ్యూ, డీజిల్‌లో నానిన నా పెళ్ళి చొక్కా ఉన్నాయి. చదువుతూ నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరొక్కరు మొహమాటపడి ఏం లాభం?

మాది వాకాడు దగ్గర. అత్తగారిది ఇందుకూరుపేట మండలం, మైపాడు సముద్రం గాలి తగిలేంత దూరం. రెండు వైపులా రొయ్యల గుంటలే జీవనం. మా మామ పెంచలయ్య గారికి ఒక డీజిల్ కారు ఉండేది. దాన్ని భుజం మీది తువ్వాలుతో ఆయనే తుడుచుకునేవాడు. ఆ తువ్వాలుతో మొహం మాత్రం తుడుచుకునేవాడు కాదు, చెమట అంటితే కారుకు మంచిది కాదని.

మా మరదలు శిరీష నర్సింగ్ చదివింది. ఊళ్ళో అందరికీ ఉత్తపుణ్యానికి బీపీ చూస్తూ ఉద్యోగం కోసం కాచుకుని ఉంది. చివరికి నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. "ఇది గూడా పోతే ఇంక గమ్మున సంబంధాలు చూస్తా" అని మామ తేల్చి చెప్పేశాడు. అంటే ఆ పొద్దున కారు వేళకు నెల్లూరు చేరడం మీదే ఆ పిల్ల ఆశలన్నీ ఉన్నాయి. సరిగ్గా అలాంటి కారు మీద నేను చెయ్యి వేశాను.

ఎందుకు వేశానంటే, నా దగ్గర స్కానర్ ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద గుచ్చితే కారు జబ్బేమిటో ఫోన్‌లో చూపిస్తుంది. అది ఇంటికి వచ్చినప్పటి నుంచి నా నడకే మారిపోయింది. రోడ్డు మీద పోయే ప్రతి కారునూ రోగిని చూసినట్టు చూసేవాణ్ణి. "అట్టా చూడబాకు, దొంగనుకుంటారు" అని మా ఆవిడ సుమతి మోచేత్తో పొడిచేది.

ముందు రోజు సాయంత్రం ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పొద్దున్నే మామ డీజిల్ కోసం బంకు దాకా పోవాలంటున్నాడు. కొత్తల్లుడిగా ఆయనకు ఆ శ్రమ తప్పించాలనిపించింది. గుంట గట్టు మీది షెడ్డుకు పోయి, జనరేటర్ కోసం దాచిన డ్రమ్ములోంచి డీజిల్ ఒక నీలం క్యానులోకి పట్టి, తెచ్చి గుట్టుగా కారులో పోసేశాను. క్యాను అడుగున ముందే నల్లగా ఏదో కాస్త ఉంది. పాత డీజిలే కదా, పారబోయడమెందుకు అని దానితో కలిపే పట్టాను. అల్లుడంటే అలా ఉండాలి, పొదుపు తెలిసినవాడు.

తెల్లవారింది. శిరీష ఇస్త్రీ చీరలో, ఫైలు గుండెలకు హత్తుకుని వెనక సీట్లో కూర్చుంది. మామ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన. అత్త దిష్టి తీసి పంపింది. కారు గేటు దాటింది, రోడ్డెక్కింది, దగ్గింది, వణికింది, ఇంకా ఇల్లు కనబడుతుండగానే ఆగిపోయింది.

"ఏమైందబ్బా దీనికి? నిన్నటి దాకా నిక్షేపంగా ఉండింది" అన్నాడు మామ.

"మీరు దిగండి మామా, నేనుండా గదా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే ఎంత బాగుందో చెప్పలేను.

"మెకానిక్కుకు ఫోన్ చేస్తా ఉండు."

"మెకానిక్కెందుకు మామా? వాడొచ్చి చేసేది నేను చెయ్యలేనా?"

స్కానర్ గుచ్చాను. ఫోన్‌లో ఎర్రగా వచ్చింది. ఫ్యూయల్ ప్రెషర్ తక్కువ.

"అంటే ఏంది బావా?" అని శిరీష అడిగింది.

"ఇంజన్‌కు డీజిల్ ఎంత జోరుగా పోతా ఉందో చూసేదానికి ఒక సెన్సార్ ఉంటాది. అది చెడిపోయింది. అందుకే తక్కువ చూపిస్తా ఉండాది."

"నిజంగానే తక్కువుందేమో బావా?"

ఆ ప్రశ్నకు నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే రెండు తన్నాలనిపిస్తుంది. అయితే తప్పు పూర్తిగా నాది కాదు, కొంత రొయ్యలది కూడా. గుంటల మనుషుల దగ్గర నీళ్ళలో ఆక్సిజన్ చూసే మీటరు ఒకటి ఉంటుంది. దాని మొనకు నాచు పడితే, రొయ్యలు హాయిగా మేత తింటున్నా సరే, అవి చచ్చిపోతున్నాయని చెబుతుంది. అందుకని అంకె తక్కువ వస్తే మేము ముందు ఆ మొనను మంచినీళ్ళతో కడుగుతాం, ఆ తరువాతే కంగారు పడతాం. మా నాన్న నాకు నేర్పిన మొదటి విద్య అది. మీటరు ఏది చెప్పినా నమ్మకుండా ముందు దాన్ని కడగడం.

కాబట్టి కారు సెన్సార్‌ను కూడా కడగాలి కదా!

"సుమతీ! ఒక గిన్నెలో మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ, నీ హెయిర్ డ్రయ్యరు తీసకరా!"

"డ్రయ్యరెందుకు?"

"సెన్సార్ ఆరబెట్టేదానికి."

"అది నా పెళ్ళికి కొన్నది" అని సణుగుతూనే తెచ్చింది. వరండాలోంచి వైరు రోడ్డు దాకా రాలేదు. అందుకని అందరూ కలిసి కారును వెనక్కి, గేటు దాకా తోశారు. ఇస్త్రీ చీర కట్టుకున్న శిరీష కూడా తోసింది. నేను పక్కన నడుస్తూ "అట్టా, అట్టా" అని దారి చూపించాను.

బానెట్ ఎత్తి స్పానర్ పెట్టి తిప్పాను. సెన్సార్ ఊడింది, దానితో పాటు డీజిల్ నా పెళ్ళి చొక్కా మీదికి చిమ్మింది. నేను ఫోన్‌లో చూసి నేర్చుకున్న వీడియోలో అలా రాలేదు. సెన్సార్‌ను పసిబిడ్డకు తలంటినట్టు కడిగి, తుడిచి, వేడిగాలితో ఆరబెట్టాను. ఈలోగా గేటు ముందు ఊరంతా చేరింది. ఒక పెద్దాయన, "అల్లుడు దేనికో జుట్టు ఆరబెడతా ఉండాడే!" అని పక్కవాడితో అన్నాడు.

"బావా, ఆటో పిలుద్దామా? టైమైపోతా ఉండాది" అంది శిరీష.

"ఇదిగో, అయిపోయింది."

సెన్సార్ బిగించి కారు స్టార్ట్ చేశాను. అది మూలిగిందే కానీ అందుకోలేదు. ఫోన్ చూస్తే అవే ఎర్ర అక్షరాలు, ప్రెషర్ ఇంకా తక్కువ.

"చూసినారా మామా! కడిగినా గూడా అబద్ధమే చెప్తా ఉండాది. ఎంత మొండి సెన్సారో!"

మామ చేతి గడియారం చూసుకున్నాడు. అత్త మాత్రం కారు వెనకవైపు వంగి నిలబడి ఉంది. "ఇదేంది, డీజిల్ పోసే మూత కాడ ఇన్ని చీమలుండాయి?" అంది.

అందరం అటు పోయాం. మూత నుంచి కింది దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. కారు చరిత్రలో డీజిల్ తాగడానికి చీమలు రావడం అదే మొదటిసారి అయ్యుంటుంది. అత్త మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం మారిపోయింది.

"ఇది నా బెల్లం నీళ్ళ వాసన!"

గుంటలో నీళ్ళు బాగుండడానికి బెల్లం, తవుడు, ఏదో మందు పొడి కలిపి పులియబెట్టి చల్లుతారు. మా అత్తగారింట్లో ఆ పని అత్తదే. "షెడ్డులో నీలం క్యానులో పెట్టినా. మొన్న చల్లినాక అడుగున రొంత మిగిలింది. దాన్నెవరు తీసినారు?"

చీమలు తప్ప ఎవరూ కదలడం లేదు.

"ఆ అడుగున ఉండింది పాత డీజిల్ కాదా అత్తా?" అన్నాను.

నా నేరాంగీకారమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే అయిపోయింది. మామ వెళ్ళి డీజిల్ ఫిల్టర్ ఊడదీశాడు. అందులోంచి గోధుమరంగు పాకం జారింది. దారి మూసుకుపోయి ఇంజన్‌కు డీజిల్ అందక, ప్రెషర్ నిజంగానే పడిపోయింది. పొద్దుటి నుంచి పాపం ఆ సెన్సార్ ఒక్కటే నిజం చెబుతోంది. దాని నోరు కడిగి, గాలి కొట్టి, అబద్ధాలకోరని ఊరి ముందు తిట్టింది నేను.

"అల్లుడా, ఒక్క మాట చెప్పు. డీజిల్ ఇంకా యాడన్నా పోసినావా? గుంటలో గాని పోయలేదు గదా?" అన్నాడు మామ భయం భయంగా.

"లేదు మామా."

"దేవుడు చల్లగా చూసినాడు."

అప్పుడే రొయ్యల వ్యాను ఒకటి ఐసు పెట్టెలతో నెల్లూరు వైపు పోతూ అటుగా వచ్చింది. శిరీష రోడ్డుకు అడ్డంగా నిలబడి చెయ్యి ఊపింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఫైలు పళ్ళ మధ్య కరుచుకుని, డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చుంది. నేను కూడా ఎక్కబోయాను. ఫైలు నోట్లోంచి తీసి, "నువ్వు మాత్రం రాబాకు బావా" అంది.

వ్యాను పోయింది. మామ తువ్వాలు తీసి, నా చేతి మరకలు పడిన బానెట్ తుడవడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం దాకా ఆ వరండాలో కూర్చుని, ఆ పిల్ల బతుకు నా చేతుల్లో ఏమైపోయిందో అని కుమిలిపోయాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. డీజిల్ కళ్ళలో పడిందని సుమతికి చెప్పాను, ఆమె నమ్మినట్టు నటించింది.

పొద్దు వాలుతుండగా శిరీష బస్సు దిగి వచ్చింది. చీరంతా రొయ్యల వాసన. గేటు తీస్తూనే నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది? ఆలస్యమైందని పంపించేసినారా?" అని నేను లేచి నిలబడ్డాను.

"చివర్లో పిలిచినారు. పేషంటుకు ఆక్సిజన్ తక్కువని మిషన్ చూపిస్తా ఉంటే ముందు ఏం చేస్తావు అని అడిగినారు."

"నువ్వేం చెప్పినావు?"

"ముందు పేషంటును చూస్తా, మిషన్ను కడగతా కూర్చోను అని చెప్పినా. కడగడమేంది అన్నారు. ఇంక మొత్తం చెప్పేసినా."

"మొత్తమా?"

"డ్రయ్యర్‌తో సహా. పెద్ద డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉద్యోగం ఇచ్చేసినారు నాయనా!" అని మామ చేతులు పట్టుకుంది. తరువాత నా వైపు తిరిగింది. "ఇంకో మాట బావా. కొత్తగా చేరే నర్సులకు ఏం చెయ్యకూడదో చూపించేదానికి నిన్ను ఒకసారి పిల్చకరమ్మన్నారు."

అప్పటికప్పుడు, డీజిల్ కంపు వదలని రెండు చేతులూ జోడించి, ఇంటిల్లిపాది ముందూ ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ సెన్సార్ నిజాయితీనీ శంకించను. అత్త క్యాన్లను వాసన చూడనిదే ముట్టుకోను. ఈ గడపలో ఉన్నంతకాలం కారు సంగతి దేవుడెరుగు, సైకిలుకు గాలి కూడా కొట్టను. సముద్రం సాక్షి, రొయ్యలు సాక్షి.

మామ అంతా శ్రద్ధగా విన్నాడు. కూతురి భుజం తట్టి, తువ్వాలు దులిపి నా చేతికిచ్చాడు.

"సరేలే అల్లుడా, అన్నం తిందాం పద. పోయి చేతులు కడుక్కో. చేతులే. ఇంకేం కడగబాకు."