ఆరు నెలల మొక్కు

ఉదయం ఏడింటికి గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కాం. పేటలో దిగి ఆటోలో ఇంకో గంట వెళ్లాలి. ఆ పైన ఊరి పేరు రాయను, దారి చెప్పను. ఇది చదివి ఎవరూ అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

శిక్షణ పుస్తకాలు తెలుగు చేయడం నా పని. హెచ్ఐవీ ఉన్న తల్లుల కోసం ప్రపంచ నిపుణులు రాసిన సలహాను ఆ వారమే తెలుగు చేశాను. తల్లి రోజూ మందులు వేసుకోవాలి. బిడ్డకు మొదటి ఆరు నెలలూ తన పాలే పట్టాలి, నీటి చుక్క కూడా వద్దు. తల్లిపాలతో వేరేవి కలిస్తే లేత పేగు దెబ్బతిని జబ్బు సోకే ప్రమాదం పెరుగుతుంది. కాగితం మీద తేలిగ్గానే ఉంది. ఇళ్లలో ఎలా నడుస్తుందో చూద్దామని కౌన్సెలర్ రహీమున్నీసా గారి వెంట పడ్డాను. సునీత అనే బాలింత సరేనన్నాకే ఆవిడ నన్ను రానిచ్చారు.

బస్సులో ఎవరివో మిరపకాయల బస్తాలు. అందరం తుమ్ముతూనే ఉన్నాం. పక్క సీటు రైతు మా సంచి చూసి, "పురుగుమందుల కంపెనీ వాళ్లా అండీ?" అన్నాడు. చంటిపిల్లల పని మీద వెళ్తున్నామని చెప్పాను.

"అయితే మా తోటకి పనికిరారు," అని అటు తిరిగి నిద్రపోయాడు.

సంగతంతా రహీమున్నీసా గారు ఆటోలో చెప్పారు. సునీత కడుపుతో ఉండగా భర్త పోయాడు. ఆమెవి బలం మాత్రలనే అత్త అంజమ్మ, ఊరూ అనుకుంటున్నారు. ఆ రోజు పాప బారసాల. వచ్చిన పెద్దలంతా ఉంగరం తేనెలో ముంచి బిడ్డ నాలుకకు రాస్తారు. వద్దంటే ఎందుకంటారు. ఎందుకో తెలిస్తే మర్నాటి నుంచి సునీతను మిరప కోతకు ఎవరూ పిలవరు.

పదింటికి చేరాం. కాసేపటికి అంజమ్మ ఆడపడుచు తేనె గిన్నెతో ఉయ్యాల దగ్గరికి వచ్చింది. సునీత ఉయ్యాలకు అడ్డంగా వంగి పాప పక్కగుడ్డ సర్దసాగింది. రహీమున్నీసా గారు గొంతు సవరించుకుని, "అమ్మా, డాక్టర్లు ఏమంటారంటే..." అని మొదలుపెట్టారు.

"డాక్టర్లకేం, మేమంతా తేనె నాకే పెరిగాం," అందామె. నా సంచిలో ప్రపంచ నిపుణులు ఉన్నారు గానీ, బయటికి తీయలేదు.

అంజమ్మ లేచింది. "ఆగవే. అన్నప్రాశన దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా ముట్టించనని కొండ మీది సామికి మొక్కుకున్నా. నా మొక్కు తప్పిస్తావా?"

"అట్టాగా వదినా. ముందే చెప్పొద్దూ," అని ఆమె గిన్నె పక్కన పెట్టేసింది. మొక్కుకు కారణం అడిగే అలవాటు ఆ ఊళ్లో లేదు. పాపకు పేరు పెట్టారు, పాట పాడారు, మాకు పులిహోర పెట్టారు.

మూడింటికి బయలుదేరితే అంజమ్మ ఆటో దాకా వచ్చింది. చుట్టూ చూసి, "పాపకి రక్తపరీక్ష ఎప్పుడమ్మా?" అంది.

పాపకు జబ్బు సోకిందో లేదో చూసే ఆ పరీక్ష సంగతి రహీమున్నీసా గారు సునీతకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"ఆసుపత్రిలో నా కొడుకు పక్కన ఉన్నది నేనేగా, వాడి జబ్బేంటో నాకు తెలీదా," అంది అంజమ్మ. "నాకు తెలుసని కోడలికి చెప్పమాకండి. తెలిస్తే నా ముందు తలెత్తుకు తిరగలేదు."

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఒకే సంగతిని ఒకరి దగ్గర ఒకరు దాస్తూ, ఒకే బిడ్డకు కాపలా కాస్తున్నారు. పాప బతుకుతుందనే అనిపించింది.