బండికి మూడే గేర్లు

సూదక్క అసలు పేరు ఆ వీధుల్లో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే చిన్న మోటార్ సైకిల్ వెనక ఐసు డబ్బా కట్టుకుని, ఇంటింటికీ తిరిగి రక్తం తీసి ల్యాబుకి చేర్చడం ఆవిడ ఉద్యోగం. పసిపిల్లలకైనా, నరం ఎక్కడుందో దేవుడికే తెలియాల్సిన లావుపాటి ఆసాములకైనా ఒక్క పోటుతో పని ముగించేది. "అయ్యో, ఇంకా గుచ్చలేదా?" అని వాళ్ళు కళ్ళు తెరిచేసరికి దూది అద్ది చెయ్యి మడిచేసి ఉండేది. అంత నిలకడైన చెయ్యి. ఆ ఒక్క విషయంలో ఆవిడకి కాస్త పొగరుందని చెప్పక తప్పదు. ఉండదగ్గ పొగరే.

ఆవిడ వచ్చినట్టు తెలియడానికి తలుపు తట్టనక్కర్లేదు. వీధి మలుపులోనే బండి గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు వినగానే సూది గుర్తొచ్చి పిల్లలు మంచాల కింద దూరేవాళ్ళు. "ఏంటమ్మా, ఎవరో చితకబాదుతున్నట్టు ఏడుస్తోంది నీ బండి?" అని ఎవరైనా అడిగితే, "పాతది కదండీ, దీనికి మూడే గేర్లు. పాపం, అంతకంటే దాని వల్ల కాదు" అని బండి తరఫున తనే సంజాయిషీ చెప్పుకునేది.

మూడే గేర్లని చెప్పింది మొగుడు. బండి నేర్పిందీ ఆయనే. "మూడోది పడ్డాక మళ్ళీ ముందుకు తొక్కావంటే లోపల గేరు పళ్ళు పటపటా విరిగిపోతాయి" అని మొదటి రోజే భయపెట్టాడు. ఆయన ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడు. ముందుగదే షాపు. గాజుకి నొప్పెడుతుందేమో అన్నట్టు కోసే మనిషి. పెళ్ళాం మీద ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని చుట్టాలంతా అనేవాళ్ళు. బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడం, ఇంజిన్ ఆయిలు మార్పించడం అన్నీ ఆయనే చూసుకునేవాడు. "నువ్వెందుకు, అక్కడంతా మడ్డి, గ్రీజు" అనేవాడు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని తోడికోడలు బాహాటంగానే కుళ్ళుకునేది.

సూదక్కకి ఉన్న బెంగల్లా పెట్రోలు గురించే. అలాంటి బండ్లే ఊళ్ళో లీటరుకి అరవై కిలోమీటర్లు పోతుంటే, ఈవిడది నలభై దగ్గరే నాలుక బయటపెట్టేది. మొగుడితో అంటే ఒకసారి టైర్లలో గాలి తక్కువన్నాడు, ఒకసారి బంకువాళ్ళ కల్తీ అన్నాడు. కారణాలన్నీ అయిపోయాక ఒకరోజు, నవ్వుతూనే, "ఎక్కే మనిషి బరువు కూడా చూసుకోవాలి కదా" అన్నాడు. సూదక్క నవ్వలేదు. ఆ రాత్రి నుంచి భోజనం సగానికి తగ్గించేసింది. మనిషి చిక్కిపోయింది గానీ మైలేజీ మాత్రం ఇసుమంత పెరగలేదు.

ఆ మైలేజీ ఆవిడ బతుకులో ఒక పెద్ద ఆశకే అడ్డం పడింది. ఊరికి చాలా దూరంలో పెద్ద ఆసుపత్రి ల్యాబు ఉంది. మూడేళ్ళ కిందట అక్కడి సూపర్‌వైజరమ్మ ఈవిడ చేతి నేర్పు గురించి విని కబురు పెట్టింది. కొన్నాళ్ళు సూది పని చేస్తే, ఆ తర్వాత మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి రక్తపరీక్షలు చేయడం నేర్పిస్తామంది. సూదక్క కోరుకున్నది అదే. ఇన్నేళ్ళుగా ఇతరుల రక్తం మోసుకెళ్ళడమే తప్ప అందులో ఏముంటుందో ఒక్కసారీ చూడలేదు. కానీ ఆ దారి రోజూ పోయి రావాలంటే ఈ బండి అరిచి అరిచి ప్రాణం విడుస్తుందని మొగుడు తేల్చేశాడు. సూదక్క ఏడ్చి ఊరుకుంది. "నేను వెళ్ళి మర్యాదగా చెప్పొస్తాలే" అని ఆయనే వెళ్ళి చెప్పొచ్చాడు.

ఇలా ఉండగా ఒకరోజు డ్రైవర్ బాబాయికి కాలు బెణికింది. ఈయన బస్సు నడిపి రిటైరైన ముసలాయన. సూదక్కకి వరసకి ఏమీ కాడు. నెలనెలా షుగరు పరీక్షకి చెయ్యి చాపడమే వాళ్ళ బంధుత్వం. ఎక్స్‌రేకి తీసుకెళ్తానని సూదక్క ఆయన్ని వెనక ఎక్కించుకుంది. పెద్ద రోడ్డెక్కి కాస్త దూరం పోయాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నాలుగు వెయ్యి."

"ఏం నాలుగు బాబాయ్?"

"గేరమ్మా! ఎంతసేపని మూడులోనే ఈడుస్తావు?"

"దీనికి మూడే బాబాయ్."

ముసలాయన పడీపడీ నవ్వాడు. "జీవితమంతా ఇంజిను పక్కన కూర్చున్నవాణ్ణి. చెవుల్లో దూది పెట్టినా చెబుతాను. ఇంకోటి ఉంది, తొక్కు."

"పళ్ళు విరిగిపోతాయి!"

"విరిగితే నావి ఇస్తాలే. ఎలాగూ కట్టుడు పళ్ళే."

సూదక్క క్లచ్చి పట్టింది, దేవుడికి దండం పెట్టుకుంది, గేరు కడ్డీని ముందుకు తొక్కింది. టక్‌మని చిన్న చప్పుడు. క్లచ్చి వదిలేసరికి అరుపు ఆగిపోయింది.

బండి చచ్చిపోయిందనే అనుకుంది. కానీ రోడ్డు పక్కన స్తంభాలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. తన చెవుల పక్కన గాలి చప్పుడు తనకే వినిపిస్తోంది. ఈ బండి మీద అది వినడం అదే మొదలు.

"చూశావా? వేగం అదే. ఇంజిను తక్కువ తిరుగుతుంది, తక్కువ తాగుతుంది. ఎత్తొచ్చినప్పుడు మాత్రం మళ్ళీ మూడుకి దింపు, లేకపోతే మొరాయిస్తుంది" అంటూ బాబాయ్ పాఠం మొదలుపెట్టాడు. "ఇన్నాళ్ళూ నీకెవరూ చెప్పలేదా?"

సూదక్క బండి పక్కకి ఆపేసింది. మొగుడికీ తెలియదేమో అని ఒక్క క్షణం సర్దిచెప్పుకోబోయింది. తెలియకపోవడమేమిటి? మెకానిక్ దగ్గరికని ఆయన తీసుకెళ్ళినప్పుడల్లా బండి వీధి చివరిదాకా అరిచి, మలుపు తిరగ్గానే నోరు మూసుకునేది. దూరం వెళ్ళిపోయింది కాబట్టి వినపడట్లేదనుకునేది తను. కళ్ళు మూసుకుని నమ్మడమంటే అదే మరి, చెవులు కూడా మూసుకుపోతాయి.

ఎక్స్‌రే అయ్యాక బాబాయిని ఇంట్లో దింపి, నేరుగా ముందుగదిలోకి వచ్చి నిలబడింది. హెల్మెట్ కూడా తియ్యలేదు.

"ఏమండీ, మన బండికి గేర్లెన్ని?"

మొగుడి చేతిలో గాజు కోసే కట్టర్ ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా బల్ల వైపు చూశాడు.

"మొదటి రోజు గోడ మీదికి దూసుకుపోయావు, గుర్తుందా? నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొన్నాళ్ళు మూడుతోనే నడపనీ, చెయ్యి తిరిగాక చెబుదాం అనుకున్నా. ఈలోగా నువ్వే ఊరందరికీ మూడే, మూడే అని చాటేశావు. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

సూదక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క రోజు అబద్ధం ఇన్నేళ్ళు సంసారం చేసిందన్నమాట!

"నేను సగం కడుపుతో పడుకుంటుంటే కూడా చెప్పాలనిపించలేదా?"

ఆయన తల దించుకున్నాడు. పిరికితనమే గానీ దుర్మార్గం కాదులే అని మనసు అప్పుడే మెత్తబడటం మొదలుపెట్టింది. మొగుళ్ళని క్షమించడంలో ఆడవాళ్ళకి ఉండే తొందర ఇంకెందులోనూ ఉండదు.

"సరే, అయిందేదో అయింది. రేపు ఆ పెద్ద ల్యాబుకి వెళ్ళి ఇంకా ఖాళీ ఉందేమో అడుగుతా."

ఆయన మొహంలో రక్తపు చుక్క లేదు. "ఇన్నేళ్ళయ్యాక ఎందుకులే" అన్నాడు. "ఎవర్నో పెట్టుకునే ఉంటారు."

మర్నాడు సూదక్క ఆ దూరమంతా హాయిగా పోయింది. సూపర్‌వైజరమ్మ చూడగానే గుర్తుపట్టి ఎదురొచ్చింది.

"మీరా! చెయ్యి ఎలా ఉందిప్పుడు?"

"ఏ చెయ్యండీ?"

"అదే, సూది పట్టుకుంటే వణుకు వస్తోందని మీ ఆయన చెప్పారుగా. తెలిస్తే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది, ఎవరితోనూ అనొద్దని ఎంత బతిమాలారో! పాపం, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు. అందుకే మళ్ళీ కబురు పెట్టలేదు."

సూదక్క కొయ్యబారిపోయింది. గేరు దాచినవాడు భయపడి దాచాడనుకుంది. ఇది భయపడి నోరు జారిన మాట కాదు. పనిగట్టుకుని ఇంత దూరం వచ్చి, తనకున్న ఒకే ఒక్క పొగరు ఏదో వెతికి, సరిగ్గా దాన్నే విరిచి వెళ్ళాడు. అది కూడా ఏడుస్తూ.

"అబద్ధమండీ! నా చెయ్యి చూడండి" అంటూ రెండు చేతులూ చాపింది.

రెండు చేతులూ గడగడా వణుకుతున్నాయి. ఆపుదామన్నకొద్దీ ఎక్కువయ్యాయి. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ వణకని చేతులు అవి. సూపర్‌వైజరమ్మ వాటిని మెల్లగా పట్టుకుని, "ఫర్వాలేదమ్మా, కూర్చోండి, మంచినీళ్ళు తెప్పిస్తా" అంది. ఆ జాలి చూడలేక సూదక్క బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏమన్నారు?"

"చెయ్యి వణుకుతోందన్నారు. నిజమే, వాళ్ళ ముందే వణికింది."

ఆయన గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు. "అక్కడంతా డాక్టర్లు, చదువుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య తిరుగుతూ ఉంటే, ఈ ఫ్రేములు కట్టుకునేవాణ్ణి వదిలేసి పోతావేమోనని భయమేసింది. ఆ భయంతోనే ఏం మాట్లాడానో..."

సూదక్క ఆయన్ని తేరిపార చూసింది.

"మిమ్మల్ని వదిలేసి పోవాలని నాకు ఒక్కనాడూ తోచలేదండీ" అంది. "ఇవాళ తోచింది."