సలూహా పిన్ని పెళ్ళికేక

వేసవి వచ్చిందంటే సముద్రపు ఒడ్డున మా మహదియా ఊళ్ళో నాలుగు కుర్చీలు వేసే జాగా ఉన్న ప్రతిచోటా ఒక ఉత్సవం మొలుస్తుంది. ఆ కబుర్లు చదవడమే నా ఉద్యోగం. ఊళ్ళో ఒక చిన్న రేడియోలో సాయంకాలం సాంస్కృతిక వార్తలు నావి. ఏ గాయకుడు వస్తున్నాడు, ఎవరి కచేరీ వాయిదా పడింది, ఏ నాటకం రెండో రోజు కూడా ఆడుతుంది, అన్నీ చెబుతాను. ఏటా అవే వాక్యాలు, పేర్లు మార్చి చదువుతాను. శ్రోతలు ఫోన్ చేసి అడిగేది మాత్రం ఒక్కటే. కోటలో ఉత్సవం ఎప్పుడు మొదలు, సలూహా పిన్ని కేక ఉందా లేదా అని.

సలూహా పిన్ని గాయని కాదు. రవ్వ తడిపి, అరచేతుల కింద తిప్పి తిప్పి కుస్కుసు చేసి, దుప్పట్ల మీద ఎండబెట్టి ఇళ్ళకు ఇవ్వడం ఆమె పని. ఏడాది తిండి సామానంతా వేసవిలోనే సిద్ధం చేసుకునే ఊరు మాది కాబట్టి జూన్ నుంచి ఆమెకు ఊపిరి తిరగదు. మనిషి పొట్టి, మాట దురుసు. రవ్వ బాగోలేదంటే తెచ్చినవాళ్ళ మొహానే చెప్పి వెనక్కి పంపేది. భర్త పోయాక ఆమె, కొడుకు వజ్దీ, ఇద్దరే ఆ ఇంట్లో.

నాలుకను పళ్ళ మధ్య ఆడిస్తూ గొంతు చివరనుంచి తీసే పెళ్ళికేక మా దగ్గర ప్రతి ఆడదానికీ వచ్చు. పెళ్ళికూతురు గడప దాటినా, పిల్లలు పరీక్ష గట్టెక్కినా, కొత్త పడవ నీళ్ళలో దిగినా ఎవరో ఒకరు వేస్తారు, మిగిలినవాళ్ళు అందుకుంటారు. కానీ అందరూ వేసేది ఒక ఎత్తు, సలూహా పిన్ని వేసేది ఒక ఎత్తు. ఆమె కేక మొదలుపెడితే మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుందో పక్కన నిలబడ్డా తెలిసేది కాదు. దాన్ని విని ఒడ్డున పడవలు రెండు జానలు వెనక్కి జరుగుతాయని భర్త వేళాకోళం చేసేవాడట.

ఒక ఏడు కోటలో ఉత్సవం మొదటి సాయంకాలం కరెంటు పోయింది. మైకుల్లేవు, దీపాల్లేవు, పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసం మధ్యలో ఆగిపోయింది. జనం ఈలలు వేస్తుంటే ఆడవాళ్ళ వరసలోంచి సలూహా పిన్ని లేచి ఒక కేక వేసింది. కోటంతా ఆడవాళ్ళు అందుకున్నారు. డప్పులవాళ్ళు ఇక ఎవరి అనుమతీ అడగలేదు. ఉపన్యాసం పోయినందుకు మేమందరం ఆమెకు రుణపడి ఉన్నాం. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆమె కేకతోనే ఉత్సవం మొదలు. ఉత్సవ సంఘం పెద్ద తీజానీ గారు, రిటైరైన బడిపంతులు, స్వయంగా ఇంటికెళ్ళి పిలిచేవాడు. ఆమె మైకు పట్టుకునేది కాదు, అది నోటికి అడ్డమట.

ఎవరు మెచ్చుకున్నా ఆమెది ఒకటే జవాబు. ఇవన్నీ గొంతు సాపు చేసుకోడానికి, అసలు కేక వజ్దీ పెళ్ళిలో వింటారు అనేది. పిల్లని మాత్రం కుదరనిచ్చేది కాదు. ఒక పిల్ల గట్టిగా నవ్వుతుందని, ఇంకో పిల్ల అసలు నవ్వదని, మూడో పిల్ల తల్లి కుస్కుసులో ఉండలు కడుతుందని వంకలు పెట్టేది. వజ్దీ ఇవన్నీ విని, నువ్వే చేసుకో అమ్మా పెళ్ళి, నేను కేక వేస్తాను అనేవాడు. రాత్రిపూట దీపాల వెలుగుతో సార్డీన్ చేపలు పట్టే పడవలో పని అతనిది. నల్లగా, నిదానంగా ఉండేవాడు, తల్లి దురుసుతనంలో ఆవగింజంత కూడా రాలేదు.

ఒక మార్చిలో గాలి ఎదురుతిరిగి ఆ పడవ ఒడ్డుకు రాలేదు. తర్వాత బోర్లాపడి దొరికింది. ఇద్దరి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వజ్దీ రాలేదు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. పెళ్ళికాని పిల్లలు చనిపోతే, జనాజా, అంటే పాడె, ఇల్లు దాటేటప్పుడు తల్లి పెళ్ళికేక వేస్తుంది. జరగాల్సిన పెళ్ళి అప్పుడే జరిపించి పంపుతున్నట్టు. నేను ఒక్కసారి విన్నాను, మళ్ళీ వినాలని లేదు. ఆ రెండు శవాల్లో ఒకటి పద్దెనిమిదేళ్ళ కుర్రాడిది. అతని తల్లి వేసింది. సలూహా పిన్ని ఆ గుమ్మంలోనే నిలబడి వింది. వీధంతా తనవైపు చూస్తుంటే ఇంటికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఆమె ఏ కేకా వేయలేదు. పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళేది, తినేది, నోరు విప్పకుండా వచ్చేసేది. పెళ్ళికూతుళ్ళ తల్లులు వెనకాల గొణిగారు. ఆమె చెల్లెలు షెల్బియా రోజూ వచ్చి అక్క పక్కన కూర్చుని రవ్వ తిప్పుతూ అదే మాట. శవం లేకపోయినా చదివే నమాజు ఉంది కదా, చదివించమని.

"అక్కా, ఒక్క కేక వేసి పంపించెయ్యవే వాణ్ణి. వాడికీ శాంతి, నీకూ శాంతి."

"ఎక్కడికని పంపను? వాడు ఇంటికే రాలేదింకా," అంది సలూహా పిన్ని, చేతులు ఆపకుండా.

ఆమె పట్టుకున్న ఆశకు ఒక ఆధారం ఉంది. సముద్రానికి అవతల, సిసిలీ దీవిలోని మజారా రేవులో మా ఊరివాళ్ళు ఒక వీధికి వీధే ఉంటారు. అక్కడి చేపల పడవల్లో సగం చేతులు మావే. పడవ మునిగిన ఆ మార్చి తర్వాత అక్కణ్ణుంచి కబురొచ్చింది. మన వైపు కుర్రాడొకణ్ణి సముద్రంలోంచి తీశారట, పత్రాలు లేవు, ఎవరితోనూ మాట్లాడడు, ట్రాలర్ మీద పని చేసుకుంటున్నాడట. నల్లగా నిదానంగా ఉంటాడట. అంతే. ఆ ముక్క చాలింది ఆమెకు. మాట్లాడకపోవడం వజ్దీ లక్షణమేనని, తల్లికి మొహం చూపించలేక ఊరుకున్నాడని తనే కథ అల్లుకుంది. వచ్చాక రెండు చెంపలూ వాయిస్తానంది.

మొదటి వేసవి ఆమె రాననేసరికి ఉత్సవ సంఘంవాళ్ళు ఒక తెలివైన పని చేశారు. పాత ఏడాది రికార్డు తీసి ఆమె కేకను స్పీకర్లలో వేశారు. జనం చప్పట్లు కొట్టారు. కోటకూ ఆమె ఇంటికీ మధ్య ఎంతో దూరం లేదు. పెరట్లో దుప్పటి మడుస్తున్న మనిషి, కొడుకు బతికున్న రోజుల్లో తను వేసిన కేక తనే వింది. షెల్బియా నాతో చెప్పిందేమిటంటే, ఆమె దుప్పటి కింద పడేసి, ఎవరు వేశారది, ఎవరు వేశారది అని వీధిలోకి పరుగెత్తిందట. మర్నాడు నేను తీజానీ గారికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. మంచి ఉద్దేశంతోనే చేశాం అన్నాడు. మా ఊళ్ళో చెడంతా మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది.

రెండో వేసవి తీజానీ గారు మళ్ళీ వెళ్ళాడు పిలవడానికి. ఈసారి నన్ను వెంట తీసుకెళ్ళాడు, నేనుంటే తలుపు తీస్తుందని. జనం అడుగుతున్నారన్నాడు, రికార్డు ఇక వెయ్యనని ఒట్టు వేశాడు.

"నా దగ్గర ఒకటే కేక మిగిలింది తీజానీ," అంది. "పెళ్ళికైనా అది వాడిదే. చావుకైనా వాడిదే. మీ కోటకి ఇచ్చేది కాదు."

తీజానీ గారు కాఫీ తాగకుండానే లేచాడు. నేను వార్తల్లో ఈ ఏడు కూడా కేక లేదని చదివాను.

ఉత్సవానికి ముందురోజు మధ్యాహ్నం మా రేడియో ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు. పేరు రమ్జీ, మాకు కాస్త దక్షిణాన ఉన్న షెబ్బా ఊరివాడు. మజారా నుంచి వేసవి సెలవులకు పత్రాలతో సహా దర్జాగా వచ్చాడు. సలూహా అనే ఆవిడ ఇల్లు చూపించమన్నాడు. ఎందుకన్నాను. చేతిలోని టోపీ నలుపుతూ చెప్పాడు. సముద్రంలోంచి తీసిన కుర్రాడు తనేనట, పత్రాలు తర్వాత దొరికాయట. అతని పడవ వేరు, మునిగిన చోటు వేరు. తన గురించి వెళ్ళిన కబురు పట్టుకుని ఇక్కడొక తల్లి ఎదురుచూస్తోందని ఈమధ్యే తెలిసిందట. ఫోన్లో చెప్పే మాట కాదు కదక్కా, అన్నాడు.

నేనే తీసుకెళ్ళాను. తలుపు తీసిన సలూహా పిన్ని అతన్ని పైనుంచి కిందకు ఒక్కసారి చూసింది. అతను చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"మజారా నుంచేనా?"

"అవును పిన్నీ."

"నీతో ఇంకెవర్నీ తియ్యలేదా నీళ్ళలోంచి?"

"లేదు పిన్నీ. నన్నొక్కణ్ణే."

లోపలికి రమ్మంది. చేప కుస్కుసు పెట్టింది. అతను ముద్ద ముద్దకూ ఏడుస్తుంటే, ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. మీ అమ్మ ఉందా అని అడిగింది. ఉందన్నాడు. అయితే త్వరగా వెళ్ళు అని, ఒక సంచి నిండా కుస్కుసు కట్టి ఇచ్చి గుమ్మందాకా వచ్చింది. ఆ గుమ్మంలో అతని తలను రెండు చేతులతో పట్టుకుని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. నాకు ఆ క్షణంలో ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

ఆ ముద్దు వీధి చూసింది. నల్లటి కుర్రాడు, సిసిలీ నుంచి, తల్లి గుమ్మంలో ముద్దు. ఇంకేం కావాలి? సాయంత్రానికి చేపల బజారులో సలూహా కొడుకు తిరిగొచ్చేశాడు. అడిగినవాళ్ళకల్లా నేను కాదు కాదని చెప్పాను. కానీ ఇలాంటి కబురు ముందు నా గొంతు ఎంత? ఏళ్ళ తరబడి నేను చదివిన వార్తలన్నీ కలిపినా ఊరు అంత నమ్మలేదు.

మర్నాడు సాయంకాలం, సూర్యుడు ఇంకా కోటగోడ మీదే ఉన్నాడు. మెట్లన్నీ నిండిపోయాయి. నేను మైకు పట్టుకుని, నేరుగా ప్రసారంలో, ఏవో మాటలు చెబుతున్నాను. ఇంతలో ఆడవాళ్ళ వరసల్లో కలకలం. సలూహా పిన్ని వచ్చింది. రవ్వ తిప్పేటప్పటి బట్టల్లోనే ఉంది. వెనకాల షెల్బియా, కొంగు నోట్లో కుక్కుకుని. వేదికవైపు రాకుండా సముద్రం కనిపించే గోడ దగ్గరికి మెట్లెక్కి, మా అందరికీ వీపు పెట్టి నిలబడింది.

కేక వేసింది.

రెండు వేసవులు దాచిన గొంతు. మొదట్లో జీరపోయింది, తర్వాత నిలబడింది, ఎక్కడా తెగకుండా నీళ్ళమీదికి వెళ్ళింది. ఊపిరి అయిపోయాక కూడా ఆమె ఆపలేదు. దాని అర్థం తెలిసినవాళ్ళం అక్కడ ఇద్దరమే, షెల్బియా, నేను. షెల్బియా కింద కూలబడి వజ్దీ, వజ్దీ అంటోంది. మిగిలిన ఆడవాళ్ళంతా, కొన్ని వందలమంది, సంతోషంగా లేచి ఆ కేక అందుకున్నారు. కోట హోరెత్తిపోయింది. తీజానీ గారు మైకు లాక్కుని, సముద్రం మన తల్లికి కొడుకుని తిరిగిచ్చింది, ఉత్సవం మొదలైంది అన్నాడు. డప్పులు మొదలయ్యాయి. స్టూడియోలోవాళ్ళు నా చెవిలో మాట్లాడు, మాట్లాడు అంటున్నారు.

ఆమె గోడ దిగి వస్తుంటే జనం చుట్టుముట్టారు. ముబారక్ పిన్నీ, ముబారక్ అని చేతులు పట్టుకుంటున్నారు, భుజాల మీద ముద్దు పెట్టుకుంటున్నారు. మా దగ్గర ముబారక్ అన్నవాళ్ళకు పెళ్ళివారు తిరిగి ఇచ్చే మాట ఒకటుంది. మీ పిల్లలకీ ఇలాగే జరగాలి అంటారు. పుట్టినప్పటినుంచి వినీ వినీ అది ఆలోచించకుండానే నోటికి వస్తుంది. ఆమె ముందు చంకలో పిల్లాడితో ఒక పడుచు తల్లి నిలబడి ఉంది, నవ్వుతూ, ఆ మాట కోసం ఎదురుచూస్తూ. సలూహా పిన్ని "మీ పిల్లలకీ..." అని ఆగింది. పిల్లాడి వైపు చూసింది. చెయ్యి చాచి వాడి నోటిని, కళ్ళను, తలను తడిమింది.

"వద్దమ్మా," అంది. "మీ పిల్లలకి వద్దు."

డప్పుల్లో ఆ పిల్లకు వినపడలేదు. ఏమంది పిన్ని, అని నన్ను అడిగింది.