బావ తీసేసిన హీటరు

నాతోపాటు రిటైరైన టీచరమ్మ కొత్త కారులో మొన్న ఇద్దరం అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే ముందు అద్దానికి ఆవిరి పట్టింది. ఆవిడ కబుర్లు ఆపకుండానే ఒక బటన్ నొక్కింది, క్షణంలో అద్దం తేటపడింది. ఆ బటన్ చూడగానే మా బావ మీద పాత కోపమంతా మళ్లీ రాజుకుంది నాకు. మీ ఇళ్లలోనూ ఇలాంటి బావలు ఉండే ఉంటారు కనుక దాచకుండా చెబుతాను.

ఫోన్లో వీడియోలు చూడడం మనకింకా కొత్తగా ఉన్న రోజులవి. కొత్తవలసలో కాపురముంటూ ఘాటు మీది బడిలో పనిచేసేదాన్ని. సోమవారం పొద్దున్నే పాత కారు నేనే నడుపుకుంటూ పైకెళ్లి, శనివారం దిగేదాన్ని. చలికాలం ఆ మలుపుల్లో మన ఊపిరికే అద్దం మసకబారిపోతుంది, హీటరు గాలి తగిలితే తప్ప దారి కనబడదు. కింద ఉక్కపోతలో బతికేవాళ్లకి కారులో హీటరంటూ ఒకటుంటుందన్న ధ్యాసే ఉండదు.

మా అక్క మొగుడు చీపురుపల్లి దగ్గర వరి రైతు. పొలానికి నీళ్లు తోడే ఇంజన్లు విప్పి బిగించడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు, ఆ పేరే తలకెక్కింది. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు, కారులో కాళ్ల దగ్గర తియ్యటి వాసనతో ఆకుపచ్చ నీళ్లు కారుతున్నాయని నోరు జారాను. నేను భోంచేసి చెయ్యి కడుక్కునేలోగా ఆ మహానుభావుడు ఇంజన్ వేడినీళ్లను హీటరుకు తిప్పే రెండు రబ్బరు గొట్టాలనూ కోసి, ఇనప గొట్టం ముక్కతో ఒకదానికొకటి కలిపి బిగించేశాడు. కారడం ఆగింది. హీటరు ఇక పనిచెయ్యదన్న ముక్క మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఘాటు సగం ఎక్కాక తెలిసింది. పైటచెంగుతో అద్దం తుడుచుకుంటూ మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు! బండిని పక్కకు కోసేశాను. ఎడమ చక్రం రోడ్డు దిగి రాళ్ల మీద ఆగింది, రెండడుగుల అవతల లోయ. హ్యాండ్ బ్రేకు వేసి దిగి, బావకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"నీళ్లు కారతన్నాయన్నావు, ఆపేసినాను. మనకి హీటరేటే, ఉడికి సచ్చిపోతన్నాం కదా!" అన్నాడు. పొరపాటైందన్న మాట లేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాటలు బంద్.

ఇక ఏ మగవాడి చెయ్యీ ఆ కారు మీద పడనివ్వకూడదనుకున్నాను. విశాఖలో పాత సామాన్ల కొట్టు నుంచి హీటరూ, రబ్బరు గొట్టాలూ తెచ్చుకుని, ఎవడో మంచు దేశపు మనిషి వీడియో చూస్తూ, స్క్రూలన్నీ టిఫిన్ గిన్నెల్లో వేసుకుంటూ డాష్‌బోర్డు విప్పదీశాను. సరిగ్గా ఆ వారమే అక్క కంటి ఆపరేషన్‌కని ఇద్దరూ మా ఇంట్లో దిగారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని నన్నే చూస్తూ కూర్చునేవాడు. నేను కంచం ఆయన ముందు టక్కున పెట్టి వెళ్లిపోయేదాన్ని. మూడు రోజులు తంటాలు పడి అంతా బిగించి స్టార్టు చేస్తే వచ్చింది చల్లగాలి. మళ్లీ విప్పాను, మళ్లీ బిగించాను. మళ్లీ చల్లగాలే.

అప్పుడు ఆయన లోపలున్న అక్కతో, వీధి చివరికి వినబడేటట్టు అన్నాడు. "ఒసే, మీ సెల్లికి సెప్పు. ఆ హీటరు గొట్టాల్లో గాలి పట్టేసినాది. మన మోటారుకి గాలి తీసినట్టే తియ్యాల. కారు ముక్కు ఎత్తుగా ఎట్టి, మూత తీసి నీళ్లు పొయ్యమను."

వినబడనట్టే పనిముట్లు సర్దేశాను. వాళ్లు రైలెక్కిన మరుక్షణం కారును ఎత్తు రోడ్డు మీద ముక్కు పైకి పెట్టి, ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి, స్టార్టు చేసి నీళ్లు పోశాను. గుడగుడమంటూ బుడగలొచ్చాయి. కాసేపటికి నా మొహం మీద వేడిగాలి తగిలింది. ఏడుపొచ్చింది, ఒళ్లుమంటతో. నన్ను చంపబోయినవాడే సరిగ్గా చెప్పాడు మరి. అక్క ఫోన్ చేసి అడిగితే మెకానిక్కు బాగుచేశాడని అబద్ధమాడాను. అది విని తన ఉపాయం పనికిరాలేదనుకున్నాడట బావ. తర్వాత ఇంకెవరి బండి మీదా చెయ్యి వెయ్యలేదట.

ఇప్పటి కార్లకు బానెట్ ఎత్తితే నల్లటి మూతలే కనబడతాయి. ఎవరి బండినీ ఎవరూ పాడుచెయ్యలేరు, ఎవరి బండికీ ఎవరూ ఉపాయం చెప్పలేరు. బావ మీద కోపం నాకిప్పటికీ పోలేదు, ఆ రాళ్లు కళ్లకు కడుతూనే ఉంటాయి. అయినా ఆ అబద్ధం గొంతులో ముల్లులా ఉంది. పోయిన నెల చీపురుపల్లి వెళ్లి, నువ్వు చెప్పినట్టు చేస్తేనే బాగయింది బావా అందామని పక్కన కూర్చున్నాను. ఆయనకు రెండు చెవులూ పోయాయి. ఆ మాట చెప్పాలంటే వీధి చివరికి వినబడేటట్టు అరవాలి. నోరు తెరిచి, మూసుకుని, వచ్చేశాను.